ఇంగ్లీష్ మాస్టారు పోయారు, ఆయన గురించి ఏం రాయాలి?

మీరు అడిగింది ఇదీ: హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పిన మాస్టారు పోయారు. సంస్మరణ సభలో ఐదు నిమిషాలు మాట్లాడమనీ, తర్వాత వేసే స్మృతి సంచికకు రెండు పేజీలు రాయమనీ పాత క్లాస్‌మేట్లు మీకు అప్పగించారు. ఎన్నిసార్లు కూర్చున్నా "క్రమశిక్షణకు మారుపేరు, నిరాడంబరుడు, తీరని లోటు" దగ్గరే ఆగిపోతున్నారు. పైగా పాతికేళ్లుగా ఆయనకు ఒక్క ఫోనైనా చెయ్యని మీకు ఇంత ఏడుపు ఎందుకొస్తోందో తెలియడం లేదు. అసలు మాట్లాడే అర్హత నాకుందా అని కూడా అడిగారు.

నేను ముప్పై ఏళ్ల దాకా పత్రికల్లో డెస్క్ మీద పనిచేశాను. పోయినవాళ్ల మీద వచ్చే వ్యాసాలు దిద్దడం చాలాకాలం నా వంతుకే వచ్చేది. రిటైరయ్యాక స్మృతి సంచికలు ఓ అరడజను కూర్చిపెట్టాను. అయితే మీకు జవాబు రాయడానికి అదొక్కటే కారణం కాదు. మా ఇంగ్లీష్ మాస్టారు పోయినప్పుడు నేను రాసింది ఘోరంగా ఫెయిలైంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కబురు తెలిసిన రాత్రే రాసేశాను. పేజీన్నర. ఒక్క అచ్చుతప్పు లేదు. చివరి పేరా చదివితే ఎవరికైనా కళ్లు చెమ్మగిల్లాల్సిందే అనుకున్నాను. గ్రూపులో పెట్టి పడుకున్నాను. పొద్దున్నే ఒక క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "బాగా రాశావురా. కానీ ఇందులో మన మాస్టారు లేరు. ఆయన పేరు తీసేసి లెక్కల మాస్టారి పేరు పెట్టినా సరిపోద్ది" అన్నాడు. వాడు ఇనుము వ్యాపారం చేస్తాడు, ఏడాదికి ఒక్క పేజీ కూడా రాసి ఎరగడు. ఇతరుల వ్యాసాల మీద నేను ఇరవయ్యేళ్లుగా చెబుతూ వచ్చిన మాటే వాడు నాకు చెప్పాడు.

అప్పటినుంచి నాకున్న పరీక్ష ఒక్కటే. రాసింది పేరు తీసేసి చదవాలి. క్లాసులో ఆయన ముందు కూర్చున్నవాడు "ఇది ఫలానా సారు" అని గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోతే ఇంకా రాయలేదన్నట్టే.

మీరు పంపిన నమూనా పేరా చూశాను. అందులో విశేషణాలు పదకొండు లెక్కపెట్టాను. ఆయన ఏదైనా ఒక పని చేసినట్టు చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. మృదుస్వభావి అన్నారు. ఆ మృదుత్వం మీకు ఎప్పుడు, ఏ సంఘటనలో కనిపించింది? ఆ సంఘటన రాయండి, విశేషణం కొట్టేయండి. సంఘటన గుర్తుకు రాకపోతే ఆ విశేషణం మీది కాదు, ఎక్కడో చదివినది చేతికి తగిలిందంతే.

మా మాస్టారి విషయంలో నేను మొదటిసారి వదిలేసింది ఏమిటో చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన ఎర్ర పెన్ను వాడేవారు కాదు. కాంపోజిషన్ నోట్‌బుక్‌లో ఎక్కడైనా తప్పుంటే, ఆ లైనుకు ఎదురుగా మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవారు. అంతే. కింద గీత ఉండదు, కొట్టివేత ఉండదు, సరైన మాట పైన రాయడం ఉండదు. ఒకే లైనులో రెండు తప్పులుంటే రెండు చుక్కలు. తప్పేమిటో మనమే వెతుక్కోవాలి. దిద్దుకుని తీసుకెళ్తే ఒకసారి చూసి, జేబులోంచి అరిగిపోయిన రబ్బరు తీసి చుక్క తుడిచేసేవారు. తెలుగులో 'ఎ', 'ది' లాంటి ఆర్టికల్స్ లేవు కదా, మా చుక్కల్లో సగం వాటివే. ఒక్కోసారి ఒక్క చుక్క కోసం మధ్యాహ్నం ఖాళీ అంతా నలుగురం కూర్చుని కొట్టుకునేవాళ్లం. ఇందులో తమాషా ఏమిటంటే, అన్నీ సరిగ్గా దిద్దుకున్నవాడి పుస్తకంలో ఏడాది చివరికి ఆయన చెయ్యి పడిన జాడే మిగలదు. క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల నోట్‌బుక్ చూస్తే అసలు ఎవరూ దిద్దని పుస్తకంలా ఉండేది.

ఇది నా మొదటి వ్యాసంలో లేదు. ఎందుకు లేదంటే, ఇది చాలా చిన్న విషయం అనిపించింది. పోయిన మనిషి గురించి పెద్ద మాటలే చెప్పాలనుకున్నాను. మీరూ అదే చేస్తున్నారని నా అనుమానం. "చిన్నచిన్నవే గుర్తున్నాయి, రాయదగ్గవి కావు" అని మీరే రాశారు. ఆ రాయదగ్గవి కానివేవో నాకు పంపండి, వాటిలోనే ఉంటుంది మీ వ్యాసం.

ఇప్పుడు ఏడుపు సంగతి. తండ్రి పోతే ఆఫీసులో సెలవిస్తారు, పదిమంది వచ్చి పలకరిస్తారు. హైస్కూల్ మాస్టారు పోయారంటే "అయ్యో, ఎంత వయసుంటుంది?" అని అడిగి పనిలో పడతారు. అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో ఇలాంటి దుఃఖాన్ని విడిగా గుర్తించి దానికో పేరు పెట్టాడు. మన మాటల్లో చెప్పాలంటే, నలుగురూ దుఃఖం కింద లెక్కెయ్యని దుఃఖం. పోయినవాళ్లకూ మనకూ ఉన్న బంధానికి బయట గుర్తింపు లేనప్పుడు, ఏడవడానికి కూడా మనం మొహమాటపడతామని ఆయన చెప్పేది. కాబట్టి మీకొస్తున్నది వింతేమీ కాదు. నాకైతే ఇంకో కారణం కూడా ఉందనిపిస్తుంది. పద్నాలుగేళ్ల వయసులో మీరెలా ఉండేవారో, మీ అక్షరాలు ఎంత వంకరగా ఉండేవో చూసినవాళ్లు ఇంట్లోవాళ్లు కాక ఎందరున్నారు? ఆ కొద్దిమందిలో ఒకరు తగ్గారు.

ఫోన్ చెయ్యలేదన్న బాధకు నా దగ్గర మందు లేదు. నేనూ చెయ్యలేదు. కానీ అది మాట్లాడే అర్హతకు అడ్డం కాదు. ఏటా వెళ్లి పలకరించినవాళ్లకు ముసలి మాస్టారు తెలుసు. మీకు క్లాసులో నిలబడ్డ మాస్టారు తెలుసు, దాని మీద తర్వాతి జ్ఞాపకాలు పడలేదు. అది మీ వంతు. ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు "నేను ఆయన్ను చూడటానికి వెళ్లలేకపోయాను, నన్ను క్షమించండి" అని మాట్లాడకండి. నిజాయితీ అనుకుని చాలామంది చేసే పని ఇది. అప్పుడా సభ మీ గురించి అయిపోతుంది. ఒక వాక్యం చాలు.

మాస్టారి గురించి ఎలా రాయాలో చూడాలంటే నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ ఫ్రెంచ్ రచయిత ఆల్బేర్ కామూ ఉత్తరం. 1957లో నోబెల్ వచ్చాక, నవంబర్ 19న ఆయన తన ప్రైమరీ స్కూల్ మాస్టారు లూయీ జెర్మెన్‌కు రాశాడు. కామూ తండ్రి 1914లో యుద్ధంలో పోయాడు, ఇల్లు గడవని స్థితి. ఆ పిల్లవాణ్ణి స్కాలర్‌షిప్ పరీక్షకు తయారుచేసి పైచదువుకు పంపింది ఈ మాస్టారే. వార్త తెలిశాక అమ్మ తర్వాత మొదట గుర్తొచ్చింది మీరే అని చెబుతాడు, మీరు చెయ్యందించకపోతే ఇదేదీ జరిగేది కాదంటాడు, ఇంకో నాలుగు ముక్కలు రాసి ఆపేస్తాడు. భాషను ఆడించగలిగిన మనిషి, ప్రపంచమంతా తనవైపు చూస్తున్న సమయం, అయినా ఉత్తరంలో అలంకారాలు లేవు. మాస్టారు ఏం చేశారన్నదే ఉంది. ఆ నోబెల్ ప్రసంగాలు పుస్తకంగా వచ్చినప్పుడు అంకితమిచ్చింది కూడా జెర్మెన్‌కే.

ఇక్కడో పక్క మాట. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాసేవాళ్లు, అందుకునేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమోనని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారనీ, వాళ్లకు కలిగే సంతోషాన్ని తక్కువగా అంచనా వేస్తారనీ తేల్చారు. మీ స్కూలు మాస్టార్లలో ఇంకా ఎవరైనా ఉంటే ఈ వారంలోనే ఫోన్ చెయ్యండి. నేను ఇద్దరికి చేశాను. ఒకాయన నన్ను గుర్తుపట్టలేదు, అయినా ఇరవై నిమిషాలు మాట్లాడారు.

రాయడానికి ముందు నిజానిజాలు తేల్చుకోవడం గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా మొదటి వ్యాసంలో ఒక దృశ్యం ఉండేది. పదో తరగతి చివరి రోజు, ఆఖరి పీరియడ్, మాస్టారు కిటికీ పక్కన నిలబడి పుస్తకం చూడకుండా వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పద్యం చదివారు, మేమంతా నిశ్శబ్దంగా విన్నాం. నలభై ఏళ్లుగా నా కళ్ల ముందున్న దృశ్యం. ఇది చదివి ఒకడు, ఆ పద్యం మనకు తొమ్మిదిలో ఉంది కదా అన్నాడు. ఇంకొకామె, చివరి రోజు ఆఖరి పీరియడ్ జరగనే లేదు, గ్రూప్ ఫొటోకి తీసుకెళ్లారు అంది. మూడోవాడు పడీపడీ నవ్వాడు. కిటికీ దగ్గర నిలబడేది సోషల్ మాస్టారట, చేతిలో ఉండేది న్యూస్‌పేపరట. ముగ్గురి మాటా విన్నాక ఆ దృశ్యంలో నాకు మిగిలింది కిటికీ ఒక్కటే.

ఇది నా మతిమరుపు అనుకోకండి. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడే అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన యూనివర్సిటీ విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా విన్నారో రాయించి దాచాడు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో కొందరిని పిలిచి మళ్లీ అదే అడిగితే, చాలామంది ముందు రాసినదానికి పొంతన లేని జవాబులు చెప్పారు. తప్పు చెప్పినవాళ్లకూ తమ జ్ఞాపకం మీద నమ్మకం గట్టిగానే ఉంది. రెండున్నరేళ్లకే అలా ఉంటే పాతికేళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

నవ్వొచ్చే విషయం ఏమిటంటే, ఆ డాఫొడిల్స్ పద్యానికీ అదే జరిగింది. తాను ఒంటరిగా తిరుగుతూ ఆ పూలను చూశానని కవి మొదటి లైనులోనే అంటాడు. నిజానికి 1802 ఏప్రిల్ 15న ఆయన పక్కన చెల్లెలు డొరోతీ ఉంది. ఆ రోజు చూసిన పూల గురించి తన డైరీలో ఆమె వివరంగా రాసుకుంది కూడా. పద్యం అచ్చయిన 1807 నాటికి చెల్లెలు మాయమైంది. జ్ఞాపకాల్లో ఆ పూలు మళ్లీ మెరుస్తాయని చెప్పే రెండు లైన్లు, అంటే పద్యం మొత్తంలో అందరికీ గుర్తుండేవి, తన భార్య మేరీవని వర్డ్స్‌వర్తే ఒప్పుకున్నాడు. కవికి ఇలాంటివి చెల్లుతాయి. సంస్మరణ సభలో చెల్లవు. ముందు వరసలో ఆ క్లాసువాళ్లే కూర్చుని ఉంటారు.

కాబట్టి మీకున్న రెండు మూడు జ్ఞాపకాలను ఇద్దరు ముగ్గురి దగ్గర సరిచూసుకోండి. గ్రూపులో అడగొద్దు, ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చెయ్యండి. గ్రూపులో మొదటివాడు "సారు చాలా స్ట్రిక్ట్" అన్నాడంటే తర్వాతి నలభైమందీ స్ట్రిక్ట్ అనే రాస్తారు. విడిగా అడిగినప్పుడు కూడా "మాస్టారి గురించి ఏమైనా చెప్పు" అనకండి, "గొప్ప మనిషి" అని ఊరుకుంటారు. హాజరు ఎలా పిలిచేవారు, పేరుతోనా నంబరుతోనా? కోపమొస్తే ఇంగ్లీష్‌లో తిట్టేవారా, తెలుగులోనా? బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడేవారా? ఏ పదాన్ని పలికే తీరు ఆయన దగ్గర నేర్చుకున్నావు? నీ పేపర్ మీద ఏం రాశారు? ఇలా అడిగితే గుర్తు లేదన్నవాడు కూడా అరగంట మాట్లాడతాడు. ఒకామె, "నాకేం గుర్తులేదండీ" అని ఫోన్ పెట్టేసి, పది నిమిషాలకు మళ్లీ చేసి, మాస్టారు 'వెడ్నెస్‌డే'లో పలకని 'డి' రాయడం మర్చిపోకుండా దాన్ని మూడు ముక్కలుగా విరిచి చదివించేవారని ఆ మూడు ముక్కలూ పాడి వినిపించింది. ఇప్పటికీ ఆ పదం రాసేటప్పుడు లోపల అలాగే పలుక్కుంటుందట.

జ్ఞాపకాలు పొసగకపోతే? పొసగలేదనే చెప్పండి. "కిటికీ పక్కన నిలబడ్డారని నాకు గుర్తు, కాదని మావాళ్లంటారు" అంటే సభలో ఎవరూ తప్పుపట్టరు, పైగా నవ్వుతారు. ఆ నవ్వు చాలా అవసరం.

ఇబ్బందికరమైన భాగానికి వద్దాం. "ఆయన అప్పుడప్పుడూ కొట్టేవారు, అది చెప్పాలా వద్దా" అన్నారు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ "ఆ దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయి" అని మాత్రం అనకండి. ఆ దెబ్బలకు బడి మానేసినవాడు సభకు రాడు, కాబట్టి వాడి మాట మీకు వినపడదు.

మా మాస్టారు కొట్టేవారు కాదు, వెక్కిరించేవారు. ఒకసారి మా క్లాసులో ఒకడు 'స్కూల్'ను 'ఇస్కూల్' అని చదివాడు. మాస్టారు వాణ్ణి నిలబెట్టి అదే మాట నాలుగుసార్లు పలికించారు. నాలుగుసార్లూ క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. నెల తర్వాతో, రెండు నెలల తర్వాతో, పాఠం మధ్యలో ఆగి మాస్టారు ఒక మాట చెప్పారు. 'స' పక్కన ఇంకో హల్లు వచ్చినప్పుడు ముందు ఒక అచ్చు చేర్చుకోవడం నోటికి సహజమనీ, స్పానిష్‌వాళ్లు బడిని 'ఎస్క్వేలా' అంటారనీ, అక్కడ అదే సరైన మాటనీ. ఎవరివైపూ చూడకుండా చెప్పి పాఠంలోకి వెళ్లిపోయారు. అది ఆయన క్షమాపణ అని మేమంతా ఇన్నేళ్లూ చెప్పుకున్నాం. రెండోసారి రాసేటప్పుడు నేను వాడికే ఫోన్ చేసి, ఇది రాయనా అని అడిగాను. "రాసుకో, నా పేరొద్దు" అన్నాడు. కాసేపాగి, "క్షమాపణ అని మీరనుకుంటున్నారు. నాకా రోజు స్పానిష్ సంగతేదీ తలకెక్కలేదు. మళ్లీ నన్నే అంటున్నాడనుకుని తల దించుకున్నా" అన్నాడు. నేను రెండూ రాశాను, పక్కపక్కనే, నా వ్యాఖ్య లేకుండా. సభకు వాడు రాలేదు.

మీరు ఇంత దూరం వెళ్లక్కర్లేదు. ఐదు నిమిషాల ప్రసంగంలో దీనికి చోటుండకపోవచ్చు కూడా. కానీ మీ మాస్టారు తప్పే ఎరగని మనిషి అని రాస్తే వినేవాళ్లు మిగతాది కూడా నమ్మరు.

కుటుంబాన్ని ముందే కలవండి. పుట్టిన సంవత్సరం, ఎన్నేళ్లు పనిచేశారు, పేరు ఎలా రాస్తారు, ఇవి వాళ్ల దగ్గరే సరిచూసుకోవాలి. పోయిన మనిషి ఇంటిపేరు తప్పచ్చయిన సంచిక నేనొకటి చూశాను, ఇంట్లోవాళ్లు దాన్ని తెరవనేలేదు. జబ్బు వివరాలు వాళ్లు చెప్పమంటే తప్ప చెప్పకూడదు. ఇంకొకటి. మాస్టారు ఎవరికో ఫీజు కట్టారని మీకు తెలిసి ఉండొచ్చు. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్ద హోదాలో ఉండి సభలో కూర్చుని ఉండొచ్చు. అడక్కుండా ఆ పేరు బయటపెట్టకండి. మాస్టారు ఎవరికీ చెప్పకుండా చేసిన పనిని మీరు మైకులో చెప్పడం ఏం బాగుంటుంది? అలాగే ఇంట్లోవాళ్లకు ఆయన వేరే మనిషి. క్లాసులో గలగలా నవ్వించిన మాస్టారు ఇంట్లో మాటే ఆడరని విని నేను ఆశ్చర్యపోయాను. వాళ్లమ్మాయికి చుక్కల సంగతి తెలియదు. ఇంట్లో ఎప్పుడు చూసినా నాన్న చొక్కా జేబులో రబ్బరు ముక్క ఎందుకుండేదో ఆ రోజు తెలిసిందని అంది.

ఇక పని సంగతులు. ముందు వాళ్లు అడిగింది ఏమిటో స్పష్టం చేసుకోండి. ఇంగ్లీష్‌లో ఒబిచ్యువరీ వేరు, యూలజీ వేరు, ఎలిజీ వేరు. మొదటిది ఫలానావారు పోయారన్న కబురుతో పాటు జీవిత వివరాలు చెప్పేది, రెండోది సభలో చెప్పే మంచిమాట, మూడోది శోక కవిత్వం. మీ వాళ్లు ఇన్విటేషన్‌లో 'ఎలిజీ మీటింగ్' అని వేశారన్నారు. ఇంగ్లీష్ మాస్టారి సభ కదా, అచ్చుకు వెళ్లకముందే మార్పించండి.

సభకూ సంచికకూ ఒకటే వ్యాసం పనికిరాదు. సభలో ఒక్క సంఘటన చాలు. సంచికలో రెండు మూడు పడతాయి. సభలో నేరుగా సంఘటనతో మొదలుపెట్టండి, "వేదికనలంకరించిన పెద్దలకు" తర్వాత చూసుకోవచ్చు. రాసింది ఇంట్లో గట్టిగా చదివి టైమ్ చూసుకోండి, మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే తేలుతుంది. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో చూసి చదవొద్దు, తడి కళ్లతో స్క్రీన్ కనపడదు. గొంతు పూడుకుపోతుందని టెన్షన్ ఉంటే ఇంకో కాపీ పక్కనున్న ఫ్రెండ్ చేతిలో పెట్టండి. మీరు ఆగిన చోటునుంచి తను చదువుతాడు. ఆగడం తప్పు కాదు, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇంగ్లీష్‌లో రాయాలా తెలుగులోనా అన్నది మీ చివరి ప్రశ్న. ఇంగ్లీష్ మాస్టారు కాబట్టి ఇంగ్లీష్‌లోనే రాయాలని అందరూ అనుకుంటారు, ఆయన నేర్పిన భాష వచ్చని చూపించుకోవాలని ఉంటుంది. సహజమే. కానీ సంఘటన ఏ భాషలో జరిగిందో ఆ భాషలో చెబితేనే బతుకుతుంది. మీ మాస్టారు పాఠం ఇంగ్లీష్‌లో చెప్పి, తిట్లు తెలుగులో తిట్టి ఉంటే తెలుగులో రాసి, పాఠం ముక్కలు ఇంగ్లీష్‌లోనే వదిలేయండి. నెట్‌లో దొరికే గురువు కొటేషన్లు వద్దు. సగం వాటికి కింద ఉన్న పేరుతో సంబంధం ఉండదు, ఇంగ్లీష్ మాస్టారి సభలో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఆయన చేతిరాత ఉన్న కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే పోగుచెయ్యండి. నోట్‌బుక్, ప్రోగ్రెస్ కార్డ్, ఆటోగ్రాఫ్ పుస్తకం, ఏదైనా సరే. ప్రేమ కొద్దీ లామినేషన్ చేయించొద్దు, అది మళ్లీ ఊడిరాదు. సెల్లోటేప్ అసలే వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపురంగుకు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. రంగుల్లోనే 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించి, అసలుది వెలుతురు తగలని చోట పెట్టండి. సిరాలు, ముఖ్యంగా రంగు సిరాలు, ఎండకు వెలిసిపోతాయి. పెన్సిల్ గీతకు ఎండ భయం లేదు, అది గ్రాఫైట్. దానికి భయం రాపిడితోనే, కాబట్టి పేజీల మధ్య ఒక పల్చని తెల్లకాగితం పెట్టండి.

సంచిక పని మీద నా పాత నోట్‌బుక్ నాకూ దొరికింది. అన్నీ దిద్దుకుని తుడిపించుకున్నానని నా నమ్మకం. చూస్తే ఒక పేజీలో చుక్క ఉంది. మా తాతయ్య మీద రాసిన కాంపోజిషన్. ఆ లైను ఇదీ: ఐ ఓన్లీ సా హిమ్ ట్వైస్. ఆయన్ను నేను రెండుసార్లే చూశాను అని. ముప్పై ఏళ్లు వాక్యాలు దిద్దిన నాకు చూడగానే తట్టింది, 'ఓన్లీ' చోటు మారాలి, 'ట్వైస్' పక్కకు రావాలి. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. ఇంగ్లీష్ లెక్చరర్‌గా రిటైరైన క్లాస్‌మేట్ ఒప్పుకోలేదు. 'ఓన్లీ'ని ముందుకు తెచ్చి వాడటం తప్పు కాదని ఫౌలర్ 1926లోనే, ఇంగ్లీష్ వాడుక మీద వేసిన తన పేరున్న పుస్తకంలో రాశాడట. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా ఒక చావు గురించేనట, వారం కిందటే పోయాడు అనే వాక్యం. "ఫౌలర్‌ను టేబుల్ మీద పెట్టుకుని తిరిగిన మనిషి దీనికి చుక్క పెడతాడా? తప్పు పక్క లైనులో ఉంటుంది, చూడు" అన్నాడు. పక్క లైను చూశాం, కామా దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం. ఇనుము వ్యాపారి ఫొటో పెద్దది చేసి చూసి, అది చుక్క కాదు, ఈగ రెట్ట అన్నాడు. మొన్న రాత్రి పదిన్నరకు లెక్చరర్ మళ్లీ ఫోన్ చేశాడు. "ఆ పేజీలో పైనుంచి నాలుగో లైను చదువు, మెల్లగా" అన్నాడు.